జార్జి సైమన్ ఓమ్ : తీగను కొలిచిన ఉపాధ్యాయుడు

విద్యుచ్ఛక్తి మన గ్రామములకు వచ్చి చాల కాలమైనది. మీట నొక్కినంతనే దీపము వెలుగుచున్నది, ఇస్త్రీపెట్టె వేడెక్కుచున్నది, బావికడ మోటారు నీరు తోడుచున్నది. ఇవి యన్నియు నిత్యకృత్యములై పోయినందున వీనినిగూర్చి యాశ్చర్యపడుట మానివేసితిమి. కాని మోటారునకు సన్నని తీగ వేసినచో నా తీగ యేల కాలును? ఊరి చివరనున్న యింటిలో దీపమేల మసకగా వెలుగును? వదులైన ప్లగ్గు మాత్రమే యేల కరగును? ఈ ప్రశ్నలన్నిటికిని మూలమైన లెక్క యొకటి కలదు. ఆ లెక్కను లోకమునకు తొలుత స్పష్టముగా నిచ్చినవాడు జర్మనీ దేశమునందలి యొక బడిపంతులు. ఆతడే జార్జి సైమన్ ఓమ్.

పాఠ్యపుస్తకములలో ఆతని పేరు ఒక్క పంక్తి సూత్రముగా మిగిలిపోయినది. పరీక్షలకై దానిని వల్లించిన విద్యార్థులు వేనవేలు. ఆ యొక్క పంక్తిని ప్రకటించిన పిమ్మట ఆతడు ఉన్న యుద్యోగమును వదలుకొని, యైదేండ్లు స్థిరమైన కొలువు లేక గడపెనని తెలిసినవారు తక్కువ. ఆ కథను మన గ్రంథాలయ సభ్యులకు తెలుపుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము.

ఓమ్ 1789వ సంవత్సరము మార్చి 16వ తేదీన ఎర్లాంగెన్ పట్టణమున జన్మించెను. ఆ పట్టణము నేడు బవేరియా రాష్ట్రమున నున్నది. తండ్రి యోహాన్ వుల్ఫ్‌గాంగ్ తాళములు చేయు కమ్మరి. తల్లి మరియా ఎలిజబెత్ ఒక దర్జీ కుమార్తె. ఆ దంపతులకు కలిగిన యేడుగురు బిడ్డలలో బ్రతికి పెద్దవారైనది మువ్వురే: జార్జి, తమ్ముడు మార్టిన్, ఒక చెల్లెలు. జార్జికి పదేండ్ల వయసున తల్లి కన్నుమూసెను.

తండ్రి పెద్ద చదువులు చదివినవాడు కాడు. అయినను తన పని తాను చేసికొనుచునే గణితమును, శాస్త్రములను, తత్త్వమును స్వయముగ నభ్యసించి, తాను నేర్చినదానిని కుమారుల కిరువురకును చెప్పుచుండెను. పాఠశాలలో నేర్చినదానికంటె తండ్రికడ నేర్చినదే వారి కెక్కువ యుపకరించెను. ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన లాంగ్స్‌డార్ఫ్ ఈ బాలురను పరీక్షించి, వారి ప్రజ్ఞకు విస్మితుడై, స్విట్జర్లాండున తరతరములుగ గణితమున ప్రసిద్ధికెక్కిన బెర్నూలీ వంశమువారితో వారిని పోల్చెను. కమ్మరి కొట్టమున పుట్టిన పిల్లలకు అది సామాన్యమైన ప్రశంస కాదు. తమ్ముడు మార్టిన్ నిజముగనే తరువాత బెర్లిను విశ్వవిద్యాలయమున గణితాచార్యుడయ్యెను. అన్నగారి దారి మాత్రము అంత సూటిగా సాగలేదు.

1805లో జార్జి విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. అచట నాతని మనస్సు చదువుపై నిలువలేదు. నాట్యములు, మంచుపై జారుట, బిలియర్డ్సు ఆట, వీనితోనే ప్రొద్దు గడచుచుండెను. తనకు దక్కని యవకాశము కొడుకునకు దక్కినందుకు సంతసించిన తండ్రికి, ఆ కొడుకు దానిని వ్యర్థము చేయుట చూచి పట్టరాని కోపము వచ్చెను. మూడు అర్ధసంవత్సరములు ముగియగనే జార్జి చదువు మానవలసి వచ్చెను. 1806లో స్విట్జర్లాండునందలి గాట్‌స్టాట్ అను చోట నొక బడిలో గణితోపాధ్యాయుడుగా చేరెను. అప్పటి కాతనికి పదునేడేండ్లు.

ఆ ప్రవాసమే యాతనిని మనిషిని చేసినదని తోచును. బోధించుచు, మిగిలిన కాలమున ఆయిలరు, లాప్లాసు మొదలగు మహాగణితవేత్తల గ్రంథములను తనంతట తాను చదువుకొనెను. ఆచార్యుని ప్రక్కన కూర్చుండి కాక గ్రంథముల నాశ్రయించి విద్వాంసులైనవారి పట్టికలో ఓమ్ పేరును నిస్సంశయముగ చేర్పవచ్చును. 1811లో తిరిగి ఎర్లాంగెన్ వచ్చి డాక్టరు పట్టము పొంది, అచటనే ఉపన్యాసకుడయ్యెను. జీతము చాలకపోవుటచే కొలది కాలమునకే దానిని విడిచి 1813లో బాంబెర్గు పట్టణమునందలి యొక చిన్న బడికి పోయెను. ఆ బడి మూడేండ్లకు మూతపడెను. రేఖాగణిత బోధననుగూర్చి తాను వ్రాసిన పుస్తకము నాతడు ప్రష్యా రాజునకు పంపగా, 1817లో కొలోను నగరమునందలి ఉన్నత పాఠశాలలో ఉద్యోగము లభించెను. ఆ పాఠశాలయందు మంచి ప్రయోగశాల యుండెను. ఓమ్ జీవితమున అసలు కథ ఇచటనే ప్రారంభమగుచున్నది.

అప్పటికి విద్యుచ్ఛాస్త్రమెట్లుండెనో కొంత చెప్పవలెను. ఇటలీ దేశస్థుడైన వోల్టా 1800లో తొలి బ్యాటరీని నిర్మించెను. 1820లో డెన్మార్కు పండితుడు ఆయర్‌స్టెడ్, ప్రవాహము పాఱు తీగ ప్రక్కనున్న అయస్కాంత సూచి కదలుటను కనుగొనెను. దానితో యూరపునందలి శాస్త్రజ్ఞులందఱును ఆ వైపునకు మరలిరి. ప్రవాహమున్నదని సూచి తెలుపును. ఎంత యెక్కువ కదలిన ప్రవాహ మంత యెక్కువ. కాని యా ప్రవాహము దేనిని బట్టి హెచ్చును, దేనిని బట్టి తగ్గును అను ప్రశ్నకు సరియైన జవాబు లేదు. లోహములలో కొన్ని బాగుగ ప్రవహింపజేయుననియు, తీగ పొడవు, లావు, వేడిమి లెక్కలోనికి వచ్చుననియు ఇంగ్లండులో హంఫ్రీ డేవీ 1821లో చూపియుండెను. నెట్టు బలము వేరు, పాఱు ప్రవాహము వేరు, దారిలోని యడ్డు వేరు అని ఈ మూటిని విడదీసి ఒకే లెక్కలో కూర్చినవారు లేరు.

ఇంకొక సంగతి ఇచట చెప్పక తప్పదు. ఇంగ్లండున హెన్రీ కావెండిష్ అను నేకాంతప్రియుడు 1780 ప్రాంతములందే, మీటరులు లేని కాలమున, తన శరీరముగుండ విద్యుత్తును పోనిచ్చి, తగిలిన దెబ్బ తీవ్రతను బట్టి ద్రవముల నిరోధములను సరిపోల్చెను. ఆ ఫలితముల నాతడు ప్రకటింపలేదు. ఆ వ్రాతలు 1879లో మాక్స్‌వెల్ పరిష్కరించి ప్రచురించువఱకు నెవ్వరికిని తెలియవు. పెట్టెలోపల దాచిన జ్ఞానము లోకమున లేనిదానితో సమానమే గనుక, ఓమ్ కీర్తి కిందువలన లోపము కలుగలేదు.

ఓమ్ తొలుత వోల్టా పద్ధతి బ్యాటరీతోనే ప్రయోగములు చేసెను. పొడవులు వేఱువేఱుగా గల తీగలను తగిల్చి సూచి కదలికను కొలిచి, 1825లో నొక వ్యాసము ప్రకటించెను. అందలి సూత్రము సరియైనది కాదు. దోషము లెక్కయందుకంటె బ్యాటరీయందే యెక్కువగ నుండెను. ఆ కాలపు బ్యాటరీలు తగిల్చినంతనే బలముగ నుండి, క్షణక్షణమునకు నీరసించుచుండెను. ధాన్యమును కొలుచుచుండగా కొలపాత్రయే తఱిగిపోవుచున్నచో కాటాదారుడేమి చేయగలడు? పత్రిక సంపాదకుడైన పోగెన్‌డార్ఫ్ ఒక మంచి సలహా నిచ్చెను. 1821లో సీబెక్ కనుగొనిన ఉష్ణవిద్యుత్తును వాడుమని చెప్పెను. రెండు వేఱు లోహముల నతికి, ఒక యతుకును వేడిగను, రెండవదానిని చల్లగను ఉంచినచో విద్యుత్తు పుట్టును. వేడిమిలోని భేదము మాఱనంతవఱకు విద్యుద్బలమును మాఱదు.

ఓమ్ బిస్మతు, రాగి లోహములను జోడించి, ఒక యతుకును మరుగు నీటియందును, రెండవ యతుకును మంచుగడ్డలయందును ఉంచెను. మరుగు నీటి వేడిమి మాఱదు. కరగు మంచు చల్లదనమును మాఱదు. ఈ విధముగ నాతనికి బీద బడిపంతులు కూడ సమకూర్చుకొనదగిన, నీరసింపని విద్యుద్బలము లభించెను. ప్రవాహమును కొలుచుటకు, మెలిపడు సన్నని పట్టీకి అయస్కాంత సూచిని వ్రేలాడదీసి, సూచి మరల యథాస్థానమునకు వచ్చుటకు పట్టీని ఎంత త్రిప్పవలసివచ్చునో చూచుచుండెను. తండ్రి కొట్టమున పనిముట్లు పట్టిన చేయి ఇచట నక్కఱకు వచ్చియుండునని నా తలంపు.

ఇక ప్రయోగము. ఒకే లావుగల ఎనిమిది రాగి తీగలను తీసికొనెను. వాని పొడవులు 2, 4, 6, 10, 18, 34, 66, 130 అంగుళములు. ఒక్కొక్కదానిని తగిల్చి సూచిని చూచెను. 1826 జనవరిలో జరిగిన ఆ కొలతలలో 2 అంగుళముల తీగకు వచ్చిన యంకె 326¾. 34 అంగుళములకు 134½. 130 అంగుళములకు 48½.

చదువరులు ఒక్క క్షణ మాగి ఈ యంకెలను చూడవలెను. చివరి తీగ మొదటిదానికంటె 65 రెట్లు పొడవు. తీగ పొడవే సర్వస్వమైనచో ప్రవాహము 65వ వంతునకు పడిపోవలెను. అట్లు కాలేదు. 326¾ను 48½చే భాగించిన దాదాపు 6¾ మాత్రమే వచ్చును. ఏల? ఇచటనే ఓమ్ బుద్ధి ప్రకాశించినది. ప్రవాహమునకు అడ్డు మనము కొలుచుచున్న తీగలో మాత్రమే లేదు. విద్యుత్తును పుట్టించు పరికరమునందును, దానిని కలుపు లోహములయందును గూడ నున్నది. ఆ మిగిలిన యడ్డును సరిగా 20¼ అంగుళముల రాగి తీగతో సమానముగ నాతడు లెక్క కట్టెను. ఇప్పుడు 2నకు 20¼ కలిపిన 22¼. 130నకు కలిపిన 150¼. పెద్దదానిని చిన్నదానిచే భాగింపుడు: 6¾! ఎనిమిది తీగలును ఈ లెక్కకు దాదాపుగా లొంగినవి. బడిలో భిన్నములు నేర్చిన యే బాలుడైనను ఈ మాటను కాగితముపై సరిచూచుకొనవచ్చును.

ఈ విధముగ తేలిన సూత్రమును మన వాడుక మాటలలో ఇట్లు చెప్పవచ్చును. నెట్టు బలము రెట్టింపైనచో ప్రవాహము రెట్టింపగును. దారియందలి మొత్తము నిరోధము రెట్టింపైనచో ప్రవాహము సగమగును. నిరోధము తీగ పొడవుతో పెరుగును, లావుతో తగ్గును, లోహమును బట్టి మాఱును. బలమునకు వోల్టు, ప్రవాహమునకు ఆంపియరు, నిరోధమునకు ఓమ్ నేటి కొలతలు. 12 వోల్టుల బ్యాటరీకి 6 ఓముల నిరోధమును తగిల్చినచో 2 ఆంపియర్లు పాఱును. మఱి 6 ఓములను వరుసగా చేర్చినచో 1 ఆంపియరే పాఱును.

ఇచట చాలమంది పొరపడుదురు. నిరోధకము ప్రవాహమును మ్రింగివేయుననియు, దానికి ముందు ఎక్కువగను, దానిని దాటిన పిమ్మట తక్కువగను ప్రవాహ ముండుననియు తలంతురు. అది నిజము కాదు. కాలువలో నొకచోట తూము నిఱుకు చేసినచో, కాలువ కుదురుకొనిన పిమ్మట, తూమునకు పైనను క్రిందను నిమిషమున కొకే నీరు పాఱును. కాని మొత్తము కాలువలోని పాఱుదలయే తగ్గును. అట్లే వరుసగా తగిల్చిన నిరోధకము ఎచట నున్నను వలయమంతటను ప్రవాహమును తగ్గించును. దానికిటు నటు ప్రవాహ మొక్కటే. ఖర్చగునది ప్రవాహము కాదు, వోల్టులు. ఏ భాగమున నిరోధ మెక్కువయో ఆ భాగమున వోల్టు లెక్కువగ ఖర్చగును.

కొలతలు చేతికి వచ్చిన పిమ్మట ఓమ్ 1826లో సగము జీతముపై ఒక సంవత్సరము సెలవు పుచ్చుకొని బెర్లినునకు పోయెను. అచట తమ్ముడుండెను, పండితు లుండిరి. లోహమున వేడిమి వ్యాపించు విధమునుగూర్చి ఫ్రెంచి గణితవేత్త ఫూరియే 1822లో వెలువరించిన సిద్ధాంతము ఓమ్‌నకు మార్గదర్శక మయ్యెను. వేడిమి యెక్కువ చోటినుండి తక్కువ చోటికి పాఱునట్లే విద్యుత్తును పాఱునని తలంచి, విద్యుద్వలయమును గణితరీత్యా వివరించు గ్రంథమును 1827లో ప్రకటించెను. అది చూచి విశ్వవిద్యాలయము లేదైన తన్ను ఆహ్వానించునని యాతని యాశ.

ఆ యాశ ఫలింపలేదు. ప్రకృతి రహస్యములను కొలతలచేతను సమీకరణములచేతను గాక తత్త్వవిచారముచేత నెఱుగవలెనను వాదము నాటి జర్మనీలో ప్రబలముగ నుండెను. పోల్ అను నాతడు ఆ గ్రంథమును తీవ్రముగ ఖండించెను. ప్రయోగములు చేయువారికి అందలి గణితము మింగుడు పడలేదు. ఓమ్‌పై లోకమంతయు కత్తి కట్టినదని వ్రాయువారు కలరు గాని, అది కొంత యతిశయోక్తి యని నా యభిప్రాయము. గ్రంథమునందును లోపము లేకపోలేదు. తన చేతులతో చేసిన అంతటి చక్కని ప్రయోగములను మఱుగుపఱచి, సూత్రమును గణితమునుండియే పుట్టినదానివలె చూపుటచే, దానిని నమ్మవలసినవారు నమ్మలేకపోయిరి. 2 అంగుళముల తీగయు 130 అంగుళముల తీగయు ముందు పెట్టియుండినచో ఎందఱు కాదనగలిగియుందురు?

కారణ మేదైనను ఫలిత మొక్కటే. 1828 మార్చిలో ఓమ్ కొలోను ఉద్యోగమునకు రాజీనామా నిచ్చెను. ముప్పదితొమ్మిదేండ్ల వయసున బెర్లినులో తాత్కాలికముగ గణితము బోధించుచు కాలము గడుపవలసి వచ్చెను. 1833లో గాని న్యూరెంబర్గునందలి సాంకేతిక విద్యాలయమున స్థిరమైన యుద్యోగము దొరకలేదు. అది యైనను ఆతడు కోరిన విశ్వవిద్యాలయ పీఠము కాదు.

ఈలోపల సూత్రము తనదారిన తాను నడచుచుండెను. లైప్‌జిగునందలి ఫెఖ్నరు దానిని ప్రయోగములచే పరీక్షించి 1831లో సమర్థించెను. రష్యాలో లెంజ్ దానిని వాడుకొనెను. ఫ్రాన్సున పూయియే తన ప్రయోగములవలన ఆ ఫలితమునకే చేరెను. టెలిగ్రాఫు తీగలు ఊరూర సాగుచున్న రోజులవి. ఇన్ని మైళ్ల తీగకు ఎన్ని బ్యాటరీలు కావలెనో చెప్పగలిగినది ఓమ్ లెక్క యొక్కటే. తత్త్వవాదులు వద్దన్నను తీగలు వేయువారికి అది తప్పనిసరి యయ్యెను. 1841లో లండనునందలి రాయల్ సొసైటీవారు తమ యత్యున్నత గౌరవమగు కాప్లీ పతకమును ఓమ్‌నకు ప్రదానము చేసిరి. మఱుసటి యేడు విదేశీయ సభ్యునిగ నెన్నుకొనిరి. స్వదేశమువారికంటె ముందు పరదేశమువారు గౌరవించుట మనకును క్రొత్త కాదు.

పతకము లభించిన ఆ 1841వ సంవత్సరమే, ఓమ్ సూత్రమునకు జతగా నిలువదగిన రెండవ సూత్రము ఇంగ్లండున ముద్రితమయ్యెను. దానిని కనుగొనిన జేమ్స్ ప్రెస్కట్ జౌల్ 1818లో సాల్ఫర్డు పట్టణమున బీరు తయారుచేయు సంపన్నుల యింట పుట్టినవాడు. అప్పటికి ఇరువదిరెండేండ్ల యువకుడు. తీగను గాజుగొట్టముచుట్టును చుట్టి నీటిలో ముంచి, ప్రవాహమును పోనిచ్చి, నీటి వేడిమి యెంత పెరిగినదో ఉష్ణమాపకముతో చూచెను. ప్రవాహము రెట్టింపైనచో వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. మూడింతలైనచో తొమ్మిది రెట్లగును. నిరోధము రెట్టింపైనచో మాత్రము వేడి రెట్టింపే. అనగా ప్రవాహమును దానితోనే హెచ్చించి, వచ్చినదానిని నిరోధముచే హెచ్చింపవలెను. వచ్చిన యంకె వాట్లు.

దారి యెంత యడ్డగించునో ఓమ్ చెప్పెను. ఆ యడ్డు నెదుర్కొనుటకు చెల్లింపవలసిన సుంక మెంతయో జౌల్ చెప్పెను. ఆ సుంకము వేడి రూపమున తీగనుండి గాలిలో కలిసిపోవును. తీగలో పాఱు ఎలక్ట్రానులు లోహపు పరమాణువుల కంపనములకు తగిలి తమ శక్తిని వానికి అప్పగించుటయే ఈ వేడికి కారణమని ఆ తరువాత తేలినది. ఎలక్ట్రాను 1897లో గాని తెలియలేదు. ఓమ్‌గాని జౌల్‌గాని దానిని గుఱించి యెఱుగక యే సరియైన లెక్క నిచ్చిరి.

ఇక మన యిండ్లకు వత్తము. బావికడ మోటారునకు దూరమునుండి సన్నని తీగలు వేసి, పోను రాను నిరోధము 2 ఓములైనదనుకొందము. 10 ఆంపియర్లు పాఱినచో తీగలోనే 20 వోల్టులు పోవును. 200 వాట్లు వృథాగా వేడియగును. మోటారు 20 ఆంపియర్లు లాగినచో పోవునవి 40 వోల్టులు, వేడి 800 వాట్లు. తీగ కాలుటకు కారణ మిదియే. లావు తీగకు వెచ్చించు సొమ్ము ఒక్కసారి. సన్నని తీగకు చెల్లించు సుంకము మోటారు తిరిగినన్నాళ్లు. వదులైన ప్లగ్గున ఇత్తడి ముక్కలు సరిగ తాకక అచట ఒక్క ఓము నిరోధము పుట్టినదనుకొనినను, 10 ఆంపియర్లకు 100 వాట్ల వేడి వ్రేలికొన యంత చోటున పుట్టును. ఒకప్పటి 100 వాట్ల బల్బును ముట్టినవారికి ఆ వేడి యెంతటిదో చెప్పనక్కఱలేదు.

ఈ వేడి యన్నివేళల శత్రువు కాదు. ఇస్త్రీపెట్టెలో మనకు కావలసినది అదియే. 230 వోల్టులపై పనిచేయు 1000 వాట్ల పెట్టెలో సుమారు 53 ఓముల నిరోధము గల తీగచుట్ట యుండును; దానిలో 4 ఆంపియర్లకు కొంచె మెక్కువ పాఱును. ఫ్యూజు తీగ యందఱికంటె త్యాగి. ప్రవాహము మితిమీఱినచో తానే ముందు కరగి మిగిలినవానిని కాపాడును. పాతకాలపు ఫాను రెగ్యులేటరులో నిరోధకముల చుట్టలే యుండెడివి. ఫాను మెల్లగ తిరుగునపుడు ఆ పెట్టెపై చేయి పెట్టినచో వెచ్చగ నుండెడిది. ఫానునకు పోని శక్తిలో కొంత అచట వేడియై పోవుచుండెను. తరువాతి కాలపు ఎలక్ట్రానికు రెగ్యులేటరులలో ఆ నష్టము చాలవఱకు తగ్గినది.

నిరోధ మెక్కువైనచో వేడి యెక్కువయా, తక్కువయా అని తరగతిలో బాలురు తఱచుగ వాదులాడుదురు. రెండును నిజమే, సందర్భమును బట్టి. ఒక 40 వాట్ల పాత బల్బును, ఒక 100 వాట్ల పాత బల్బును తీసికొందము. ఇంటిలో వలె రెండింటిని విడివిడిగ 230 వోల్టులకు తగిల్చినచో 100 వాట్లదే యెక్కువ వెలుగును. దాని తంతువు నిరోధము తక్కువ, సుమారు 529 ఓములు, గనుక ప్రవాహ మెక్కువ. 40 వాట్లదాని నిరోధము 1300 ఓములకు పైన. ఇప్పుడా రెంటిని ఒకదాని వెనుక నొకటిగ ఒకే వరుసలో కలిపి తగిలింపుడు. 40 వాట్లదే యెక్కువ వెలుగును! రెంటిలోను పాఱు ప్రవాహ మొకటే యగుటచే, నిరోధ మెక్కువగల దానిలో వేడి యెక్కువ. నిరోధములు మాఱవనుకొనినచో చిన్న బల్బునకు దాదాపు 20 వాట్లు, పెద్దదానికి 8 వాట్లు దక్కును. నిజమునకు తంతువు వేడెక్కిన కొలది దాని నిరోధము పెరుగును గనుక వ్యత్యాస మింకను హెచ్చగును. ఓమ్ సూత్రము వేడిమి మాఱని లోహములకే సూటిగ చెల్లును. నేటి ఎల్.ఇ.డి. దీపముల వంటి వస్తువులు ఆ సరళమైన లెక్కకు లోబడవు. అందుకే వానికి ప్రవాహమును మితపఱచు సాధన మొకటి జత చేయుదురు.

దూరప్రాంతములకు విద్యుత్తు పంపు పెద్ద స్తంభములపై లక్షల వోల్టు లేలయని యడుగువారికి కూడ జౌల్ లెక్కయే సమాధానము. వోల్టులు పది రెట్లు పెంచినచో, అంతే శక్తిని పదవ వంతు ప్రవాహముతో పంపవచ్చును; దారిలోని వేడి నష్టము నూఱవ వంతునకు తగ్గును.

తిరిగి ఓమ్ కడకు పోదము. న్యూరెంబర్గున నుండగా 1843లో నాతడు ధ్వనిపై నొక సిద్ధాంతమును వెలువరించెను. సంకీర్ణమైన నాదమును మన చెవి సరళమైన స్వరములుగ విడదీసి గ్రహించునని దాని భావము. తరువాత హెల్మ్‌హోల్ట్‌జ్ దానిని విస్తరించెను. 1849లో మ్యూనిక్ నగరమున విజ్ఞాన పరిషత్తువారి భౌతికశాస్త్ర పరికరములకు పాలకుడుగ నియుక్తుడై, విశ్వవిద్యాలయమున ఉపన్యసింప సాగెను. ఆతడు పాతికేండ్లు కోరిన భౌతికశాస్త్ర పీఠము 1852లో లభించెను. అప్పటి కాతనికి అఱువదిమూడేండ్లు. రెండేండ్లు మాత్రమే దాని ననుభవించి 1854 జూలై 6వ తేదీన మ్యూనిక్‌లో మరణించెను. ఆ నగరమునందలి పాత దక్షిణ శ్మశానమున నాతని సమాధి యున్నది.

ఆతడు పోయిన ఇరువదియేడేండ్లకు, 1881లో, పారిస్ నగరమున కూడిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ నిరోధపు కొలతకు ఓమ్ పేరును స్థిరపఱచెను. 1893లో షికాగో మహాసభవారు ఆ కొలతను పాదరసముతో నిర్ణయించిరి: కరగు మంచు చల్లదనమున, దాదాపు ఒక చదరపు మిల్లీమీటరు లావు, 106.3 సెంటీమీటర్ల పొడవు గల పాదరసపు కంబము నిరోధమే ఒక ఓమ్. మంచుగడ్డలతో మొదలైన యాతని ప్రయోగమునకు ఆ మంచే మరల సాక్షి యయ్యెను. 1980లో క్లాస్ ఫాన్ క్లిట్‌జింగ్ కనుగొనిన క్వాంటం ప్రభావము వలన ఆ కొలతను పాదరసముతో పనిలేక, ఎచటనైనను ఒకే విధముగ రాబట్టుట సాధ్యమైనది. 2019 నుండి దానిని ప్రకృతిలోని మాఱని స్థిరాంకములపైననే నిలిపిరి.

మోటార్లు బాగుచేయువారి చేతిలోని మీటరును తిప్పి చూడుడు. దానిపై గుఱ్ఱపు లాడమువంటి యొక గుర్తు కనబడును. అది గ్రీకు భాషలోని ఒమేగా యను నక్షరము. తాళములు చేయువాని కుమారుని పేరునకు నేడు లోకమంతటను వాడు గుర్తు.